ఏ సాకెట్?

"బావా, బోర్డు పోయింది" అని దుర్గ చెప్పగానే నేను అడిగింది ఒక్కటే మాట. "ఎడమదా, కుడిదా?"

దుర్గ నా వైపు జాలిగా చూసింది. ఆ చూపుకి నాకు ఒళ్లు మండింది. నేనేమన్నా తప్పుగా అడిగానా? పెళ్లి కాకముందు నుంచీ విశాఖపట్నం ఫిషింగ్ హార్బర్‌లో బోటు నడుపుతున్నవాణ్ణి. మా బోట్ల మీద బోర్డు అంటే వల నోరు మూసుకుపోకుండా నీళ్లలోకి దించే బరువైన చెక్క పలక. అది ఎప్పుడూ జతగానే ఉంటుంది, ఎడమ పక్క ఒకటి, కుడి పక్క ఒకటి. ఒకటి పోతే రెండోదాని తూకానికి సరిపోయేది చూసి కొనాలి. కంప్యూటర్లో కూడా ఓ బోర్డుంటుందని, అది ఒంటరిదని, పైగా దాన్ని తల్లి అంటారని నాకెవరు చెప్పారు?

అది రెండువేల ఐదో సంవత్సరం, ఆషాఢ మాసం. నేను నడిపే బోటుని దాని యజమాని అమ్మేశాడు. కొన్నవాడు తన మనుషుల్నే పెట్టుకున్నాడు. హార్బర్‌లో మిగతా బోట్లన్నిటికీ డ్రైవర్లున్నారు. సరిగ్గా అలాంటి సమయం చూసుకుని, గుజరాత్ బోట్లకి మనుషుల్ని కుదిర్చే దాలయ్య మా పెదజాలరిపేటలో దిగాడు. అక్కడి వెరావల్ రేవుకి వెళ్తే మళ్లీ ఎండాకాలం దాకా ఇంటి ముఖం చూడటం ఉండదు. మాకేమో అప్పుడే ఆడపిల్ల పుట్టింది.

వెళ్లకుండా ఉండటానికి దారి ఒకటే ఉంది. దుర్గ ఇంట్లో కూర్చుని కంప్యూటర్ మీద పెళ్లి కార్డులు కంపోజ్ చేస్తుంది. వన్‌టౌన్‌లో ప్రెస్ నడిపే నజీర్ అహ్మద్ గారు పని పంపుతారు. శ్రావణం వస్తే ముహూర్తాలు, ముహూర్తాలతో పాటు కార్డులు. ఆ పని చేతిలో ఉంటే నాకు ఇక్కడే ఇంకో బోటు దొరికేదాకా ఇల్లు నడుస్తుంది. ఆ కంప్యూటరే ఉరుముల వానలో కరెంటు ఎక్కువై చచ్చి ఊరుకుంది. లోపల బోర్డూ పోయింది, దాని మీద కూర్చునే ప్రాసెసరూ పోయింది. శ్రావణం లోపల బాగు చేయించుకోకపోతే పని వేరేవాళ్లకివ్వక తప్పదని నజీర్ గారు కబురు పెట్టారు. మంచాయన కాబట్టి, తన ప్రెస్‌లో మూలన పడున్న పాత ప్రాసెసర్ ఒకటి కూడా పంపారు.

"ఇంజనొచ్చింది, మరి పడవ గావాలన్నమాట" అన్నాను. ఈసారి సరిగ్గానే అన్నట్టున్నాను, దుర్గ తలూపింది.

నాకు మాత్రం ఈ వరస నచ్చలేదు. నాడా దొరికిందని గుర్రాన్ని కొన్నట్టు, అరచేతిలో ఇమిడే ముక్క ఒకటి ఊరికే వచ్చిందని దానికి తగ్గ పాతరకం బోర్డు వెతకాలా? దాలయ్య ఇచ్చే బయానా తీసుకుంటే కొత్త కంప్యూటరే వస్తుంది. ఆ మాటే పైకి అన్నాను. దుర్గ పిల్లకి పాలిస్తూ గోడవైపు తిరిగింది.

"సవకది సాలు బావా. నిలకడగా పనిసేత్తే సాలు" అంది.

గుజరాత్ వెళ్లమనీ అనలేదు, వద్దనీ అనలేదు. దాలయ్య వచ్చిన దగ్గర్నుంచీ ఆ సంగతి ఎత్తితే చాలు, ఆమె నోరు మూతపడిపోతోంది. నేను ఇంటి దగ్గర ఉండటం ఈమెకి ఇష్టమా, కాదా? మేనత్త కూతురు, పుట్టిన దగ్గర్నుంచీ ఎరుగున్న పిల్ల, పెళ్లై నాలుగేళ్లైంది, ఈ ఒక్క ముక్క నాకు తెలియదు. అడగడానికి మనసొప్పదు. అడగలేనివాడు ఏం చేస్తాడు, కోప్పడతాడు. నేనూ అదే చేస్తున్నాను.

తను బజారుకి వెళ్లడానికి లేదు, పుట్టింట్లో పురిట్లో ఉంది. మా అత్త ముసలమ్మ గది గుమ్మం దగ్గర పీట వేసుకుని కాపలా కూర్చుంది. అందుకని ద్వారకా నగర్ వెళ్లే పని నామీద పడింది.

"సీటీ రాసిత్తాను, పట్టుకెల్లు" అంది దుర్గ.

"సీటీ ఎందుకే? నానేటి సంటోడినా? నోటితో సెప్పు."

"అయితే ఇను. మదర్‌బోర్డు గావాలను. ఏ సాకెట్ అను. మరేటీ మాటాడకు."

"మరి ఆ ప్రాసెసర్ పట్టుకెల్లొద్దా?"

"నీ సేతిలో పడితే దాని కాళ్లు వంగిపోతాయి. వద్దు."

నిజమే, ఆ ముక్క అడుగున సూదిమొనల్లాంటి కాళ్లు వందలకొద్దీ ఉన్నాయి. కానీ ఆ మాట అత్త ముందు అనాలా?

ద్వారకా నగర్‌లో కోచింగ్ సెంటర్ల బోర్డుల మధ్య ఆ కంప్యూటర్ కొట్టు దొరకడానికే సగం పొద్దు పట్టింది. మెట్లెక్కి వెళ్లాను. యజమాని పేరు గంగాధరరావు, కళ్లజోడు నుదుటి మీదకి తోసుకుని కూర్చున్నాడు. మర్యాదస్తుడు. కుర్చీ చూపించి, ఏం కావాలండీ అని అడిగాడు.

"మదర్‌బోర్డండి."

"ఏ సాకెట్?"

నేను కంగారుపడ్డాను. దుర్గ నన్ను అడగమన్న మాట సరిగ్గా ఇదే. నేను అడగాల్సింది ఈయన అడిగేస్తే, మరి చెప్పాల్సింది ఎవరు?

"అదేనండి. ఏ సాకెట్?" అన్నాను.

"నేనదే అడుగుతున్నానండి. ఏ సాకెట్?"

"నన్నూ అదే అడగమన్నారండి."

"ఎవరు?"

"మా ఇంట్లోదండి. ఏ సాకెట్ అను, మరేటీ మాటాడకు అంది."

ఆయన కళ్లజోడు కిందకి దించుకుని నన్ను పరీక్షగా చూశాడు. "మీ దగ్గర ప్రాసెసర్ ఉందా?"

"ఉందండి. ఇంటికాడుంది."

"మరి ఏ సాకెట్టో మీకే కదండీ తెలియాలి?"

"ఏ సాకెట్టో నాకు తెలిత్తే మీ కొట్టుకెందుకొత్తానండి?"

పక్కన ప్రింటర్ ఇంకు కొంటున్న కుర్రవాడు నవ్వాపుకోలేక గోడవైపు తిరిగాడు. గంగాధరరావు గారు నవ్వలేదు. చిన్నపిల్లవాడికి చెప్పినట్టు మెల్లగా, ప్రాసెసర్లు చాలా రకాలని, ఒక్కో రకం కాళ్లకి ఒక్కో రకం గూడుంటుందని, ఆ గూడునే సాకెట్ అంటారని చెప్పాడు. మూడువందల డెబ్భై కాళ్లదొకటి, నాలుగువందల డెబ్భై ఎనిమిది కాళ్లదొకటి, అసలు కాళ్లే లేని కొత్తరకం ఇంకొకటి. నాకు తల తిరిగింది. పీతకి కూడా అన్ని కాళ్లుండవు కదా అనిపించింది.

"ఇంతకీ మీ ఆవిడ ఏమన్నారో ఇంకోసారి సరిగ్గా చెప్పండి" అన్నాడు చివరికి.

"ఏ సాకెట్ అన్నాదండి. సవగ్గా ఉండాల, నిలకడగా పనిసెయ్యాల అంది."

"ఓహో. ఏ సాకెట్టైనా పరవాలేదన్నమాట."

నాకు ప్రాణం లేచొచ్చింది. మూడు ముక్కల చిక్కుని ఆయన ఒక్క ముక్కలో విప్పేశాడు. "అదేనండి" అన్నాను.

అందరూ ఎక్కువగా తీసుకునే రకంలో రెండు బోర్డులు తెచ్చి బల్ల మీద పెట్టాడు. వీటిలో ఏది నిలకడైనదని అడిగాను. రెండూ స్టేబులేనండి అన్నాడు. అదేటండి అంటే, నిలకడేనండి అన్నాడు. రెండూ నిలకడవే అయితే రెండెందుకు చేశారో నాకర్థం కాలేదు. ఇక ఆయన్ని అడగడం మానేసి రెండు చేతుల్లో రెండూ పట్టుకుని తూచి చూశాను. బరువున్న బోర్డే నీళ్లలో నిలబడుతుంది, తేలికది ఒరిగిపోతుంది. ఇది నాకు బాగా తెలిసిన సంగతి కాబట్టి ధైర్యంగా బరువైనదే కట్టమన్నాను. గంగాధరరావు గారు అదే కట్టి ఇచ్చాడు.

పేట మలుపులో దాలయ్య ఎదురయ్యాడు. వయసులో పెద్దవాడు, వరసకి మావ. చెడ్డవాడేమీ కాదు, తీసుకెళ్లిన మనుషుల్ని కళ్లలో పెట్టుకుని చూస్తాడని పేరు.

"ఏటల్లుడూ, ఏటాలోసించేవు? ఎల్లుండి రైలు. రేపు సాయంకాలం మీ అత్త ఇంటికాడికొత్తాను, మాట సెప్పెయ్" అన్నాడు.

"బోర్డు కొన్నాను మావా. అది నడిత్తే నాను రాను, నడవకపోతే వత్తాను" అన్నాను, చంకలో అట్టపెట్టె చూపిస్తూ.

"అదేటో ఒకటి తేల్సుకో. మనిసన్నాక ఒక పక్కనుండాల" అని దాలయ్య వెళ్లిపోయాడు.

ఇంట్లో దుర్గ అట్టపెట్టె విప్పింది. బోర్డుని అటు తిప్పి ఇటు తిప్పి చూసింది. ప్రాసెసర్ తీసి దాని గూడు పక్కన పెట్టింది. గూడు ఒక సైజు, ముక్క ఒక సైజు. నాకే తెలిసిపోతోంది.

"ఇదేటి బావా? ఏ సాకెట్ అనమన్నాను కదా?"

"అన్నాను. ఆయన కూడా అన్నాడు. ఇద్దరం సానాసేపు అనుకున్నాం."

"ఏ అంటే అచ్చరం బావా! ఏ, బీ, సీ, డీల్లోని ఏ! దాని పేరే సాకెట్ ఏ!"

దుర్గ పొట్ట పట్టుకుని నవ్వడం మొదలుపెట్టింది. కుట్లు లాగుతున్నాయని మూలుగుతూ నవ్వింది. గుమ్మం దగ్గర అత్తకి సంగతేంటో తెలియకపోయినా తనూ నవ్వింది. నేను మాత్రం మండిపోయాను.

"అచ్చరమని సెప్పొద్దా? పేర్లు పెట్టినోడికి బుద్ధి నేదు, సెప్పినదానికి బుద్ధి నేదు! తెలుగులో 'ఏ' అంటే అడిగినట్టు కదా! పోనీ ఇది మార్సి తెత్తే పొద్దుగుంకిపోతాది, ఇంక సాలు. దాలయ్య మావకి సరేనని సెప్పేత్తాను. కొత్త కంప్యూటరే కొనుక్కో, అప్పుడు ఏ ఉండదు, బీ ఉండదు."

నవ్వు ఆగిపోయింది. దుర్గ బోర్డుని మళ్లీ పెట్టెలో పెట్టి, అంచులు సరిచేసి మూసింది. పెట్టె మీంచి చెయ్యి తియ్యకుండా అలాగే కూర్చుంది. కుట్ల నొప్పి అనుకున్నాను.

"రేపొక్కసారి ఎల్లు బావా" అంది. "ఈసారి ఇది కూడా పట్టుకెల్లు. కాళ్లు వంగితే వంగాయి."

మర్నాడు ప్రాసెసర్‌ని సబ్బుపెట్టెలో స్పాంజి ముక్క మీద పడుకోబెట్టి, ఆ పెట్టెని రెండు చేతులతో పట్టుకుని ద్వారకా నగర్ వెళ్లాను. బస్సులో కండక్టర్ లోపల ఏముందని అడిగాడు. ఇంజను అన్నాను. ఆయన మరి అడగలేదు.

గంగాధరరావు గారు పెట్టె మూత తీసి చూసి, నుదురు కొట్టుకున్నాడు. "సాకెట్ ఏ! అయ్యో, సాకెట్ ఏ అండీ!" అని పైకి లేచి, లోపల పనివాళ్లని కూడా పిలిచి చెప్పాడు. తప్పు తనదీ ఉందని నిన్నటి బోర్డు వెనక్కి తీసుకున్నాడు. కానీ సాకెట్ ఏ బోర్డులు రావడం తగ్గిపోయిందట. వెతగ్గా వెతగ్గా రెండే తేలాయి. ఒకటి పెట్టెలో ఉన్నది, కొత్తది, తళతళలాడుతోంది. బొమ్మా, పాటా, ఇంటర్నెట్టూ అన్నీ దానిలోనే ఉన్నాయట. రెండోది ఏదో ఆఫీసు వాళ్లు కంప్యూటర్లు మార్చుకుంటూ ఇచ్చేసింది. దుమ్ము పట్టి, దాని మీద తెల్ల సున్నాలు గీసినట్టు మరకలున్నాయి.

కొట్లో ఉన్నవాళ్లంతా తలా ఒక మాట. కొత్తదే తీసుకోమని ఒకరు. ఆ రకంలో బోర్డు మీది బుడిపెలు, కెపాసిటర్లట, ఉబ్బి పగిలిపోతున్నాయి, వద్దని ఇంకొకరు. పాతదానికి గ్యారంటీ ఏదని మూడో ఆయన. గంగాధరరావు గారేమో, పాతదే చవక, బుడిపెలన్నీ తలలు చదునుగా ఉన్నాయి, నాకైతే ఇదే స్టేబుల్ అనిపిస్తోంది, కానీ తరవాత నన్నేమీ అనకూడదు అన్నాడు. నేను ఈసారి తూకం వేయలేదు. ఏం చేయాలో తెలియక రెండిటినీ చూస్తూ నిలబడ్డాను. కొత్తది కొంటే అందంగా ఉంటుంది. పాతది కొంటే దుర్గ అడిగినట్టు ఉంటుంది. అసలు ఇది పనిచేయాలని నాకుందా, పనిచేయకూడదని ఉందా? పనిచేస్తే ఇంట్లో కూర్చుని పెళ్లాం సంపాదన తినాలి. పనిచేయకపోతే పిల్లకి నడక వచ్చేదాకా దాని మొహం చూడలేను.

"పాతదియ్యండి" అన్నాను. ఎందుకన్నానో నాకూ తెలియదు.

ఆ సాయంకాలం దుర్గ కంప్యూటర్ పెట్టెని పురిటి గదిలోకే లాగించుకుంది. అత్త గొణుగుతూనే ఉంది, పురిట్లో కరెంటు సామాను ముట్టుకోవడమేంటని. దుర్గ వినిపించుకోలేదు. ప్రాసెసర్ కాళ్లలో రెండు వంగితే సూదితో నిలబెట్టింది. గూట్లో పెట్టింది. పైన ఫ్యాన్ బిగించడానికి స్క్రూడ్రైవర్‌తో కొక్కేన్ని నొక్కుతుంటే, జారితే ముక్క పగిలిపోతుందంది. కొక్కెం పడింది. స్విచ్చి వేసింది. ఫ్యాన్ గిర్రున తిరిగింది. మానిటర్ మీద మాత్రం ఏమీ రాలేదు. పెట్టె లోపల్నుంచి పొడుగ్గా ఒక కూత. ఆగి, మళ్లీ కూత.

దుర్గ తీసి మళ్లీ బిగించింది. మళ్లీ అదే కూత. ఆమె మొహం తెల్లబోయింది.

అప్పుడే వాకిట్లో దాలయ్య గొంతు వినిపించింది. "ఏటల్లుడూ, నీ బోర్డు ఏటన్నాది?"

నేను బయటికొచ్చాను. లోపల కూత ఆగకుండా వస్తోంది, ఆయనకీ వినపడుతోంది. ఇంక చెప్పేదేముంది?

"నడవనేదు మావా. వత్తాను. ఎల్లుండి... కాదు, రేపే కదా రైలు. వత్తాను" అన్నాను.

దాలయ్య జేబులోంచి బయానా తీయబోతున్నాడు. వెనక అలికిడైంది. దుర్గ పిల్లని ఎత్తుకుని గది గుమ్మం దాటి, అత్త పీట దాటి, వాకిట్లోకి వచ్చేసింది. జుట్టు చెదిరి ఉంది, చేతికి దుమ్ము.

"ఎల్లొద్దు బావా" అంది. గట్టిగానే అంది, వీధిలోవాళ్లకి వినపడేలా.

అత్త పరుగున వచ్చి ఆమె నోరు మూయబోయింది. "ఓలమ్మ! సముద్రం మీదికెల్లే మగోడ్ని వొద్దంటావేటే! అదీ పురిటి మనిసివి!"

మా పేటలో ఆడవాళ్లు మమ్మల్ని ఎన్ని మాటలైనా అంటారు. నోరు విప్పితే హార్బర్ దాకా వినపడుతుంది. కానీ వేటకి వెళ్తానని మాటిచ్చిన మనిషిని వద్దని మాత్రం అనరు. ఏడుపొస్తే కొంగు నోట్లో కుక్కుకుంటారు గానీ ఆ మాట రానివ్వరు. ఇంటిది ఆపిన మనిషిని ఎక్కించుకుంటే ఆ బోటుకే మంచిది కాదని నమ్మకం. నేనూ నమ్ముతాను. దుర్గ తండ్రి వేటకెళ్లి తిరిగిరాని రోజున కూడా మా అత్త ఆయన్ని ఆపలేదు.

దాలయ్య చెయ్యి జేబులోనే ఆగిపోయింది. దుర్గనీ, పిల్లనీ చూసి ఖాళీ చెయ్యి బయటికి తీశాడు.

"అల్లుడూ, నీ మీద నాకు కోపం నేదు" అన్నాడు. "కానీ ఆపిన మనిసిని నాను తీసుకెల్లనేను. నన్ను నమ్ముకుని ఇంకా సానామందొత్తన్నారు." అత్త తెచ్చిన మంచినీళ్లు కూడా ముట్టుకోకుండా వెళ్లిపోయాడు.

నేను రెంటికీ చెడ్డ రేవడినయ్యాను. గుజరాత్ పోయింది, కంప్యూటర్ నడవలేదు, పేటంతా రేపు ఇదే మాట. అరుద్దామనుకున్నాను గానీ ఒంట్లోంచి ఏదో బరువు జారిపోయినట్టుంది, అది కోపమో సంతోషమో నాకే తెలియలేదు. దుర్గ పిల్లని నా చేతుల్లో పెట్టేసి లోపలికి వెళ్లింది. నేను వెనకే వెళ్లి గుమ్మంలో కూర్చున్నాను.

ఆమె పెట్టె పక్కన చతికిలబడి, లోపల్నుంచి సన్నటి పలకలాంటిది ఒకటి ఊడదీసింది. మెమరీ అట అది. పెన్సిల్ రబ్బరుతో దాని అంచుని బాగా రుద్ది, మళ్లీ గాడిలో పెట్టి రెండు బొటనవేళ్లతో నొక్కింది. టక్కుమంది. స్విచ్చి వేసింది.

ఒక్క చిన్న కూత. నల్లటి తెర మీద తెల్లటి అక్షరాలు బారులు తీరాయి.

నాకు పిచ్చెక్కినట్టైంది. "ఓసి నీ... ఇదేదో ముందే సేత్తే పోను కదే! ఇంకొంచెంసేపు ఆగితే బోర్డే నడిసేది, నాను రానని సెప్పేద్దును. నువ్వా మాట అనే పనే నేకపోయేది!"

దుర్గ వెనక్కి తిరగలేదు. తెర వెలుగు ఆమె చెంప మీద పడుతోంది.

"నానూ అలాగే అనుకున్నాను బావా. బోర్డు నడిత్తే నువ్వే ఉండిపోతావు, నాను నోరెత్తక్కర్లేదు అనుకున్నాను. అందుకే సవకది సాలన్నాను. కొత్తదంటే నువ్వు దాలయ్య మావ దగ్గరికెల్తావని. రెండు దినాలు ఆ బోర్డుకి దండాలెట్టాను." కళ్లు తుడుచుకుంది. "అది కూత్తుంటే నువ్వు బయటికెల్లి వత్తానన్నావు. అప్పుడు తెలిసింది. బోర్డు ఆపితే ఆగినోడివి, మళ్లేడు బోర్డు పోతే ఎల్లిపోతావు. నానాపితే ఆగాల నువ్వు."

చేతుల్లో పిల్ల నిద్రపోతోంది. ఇన్నాళ్లూ ఈ ఒక్క మాట వినాలని నాకెంత ఆశగా ఉందో అప్పుడు గానీ తెలియలేదు. కళ్లలో నీళ్లొచ్చాయి, తుడుచుకోవడానికి చేతులు ఖాళీ లేవు.

"ముందే అనొచ్చు కదే" అన్నాను.

"నువ్వు ముందే ఉంటాననొచ్చు కదా" అంది.